నాన్న, డాబా, ఆకాశం దుప్పటి

ఆమధ్య మే నెలలో ఒకరోజు తెల్లారుజామున అమ్మ ఫోన్ చేసింది. ఆ టైంలో ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎలా ఉంటుందో ఊరికి దూరంగా ఉండే వాళ్ళందరికీ తెలుసు. ఎత్తేలోపే గుండె జారిపోయింది. "ఒరేయ్, మీ నాన్న డాబా దిగుతూ కళ్ళు తిరిగి మెట్ల మీద కూలబడిపోయారు. మాట కూడా తడబడుతోంది. ఆటోకి కబురు పెట్టాను, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం."

మాది భీమవరం దగ్గర ఊరు. ఉద్యోగం హైదరాబాద్‌లో. దొరికిన బస్సెక్కి నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే రెండు సెలైన్లు ఎక్కాయి. నాన్న మంచం మీద లేచి కూర్చుని, "ఏం లేదురా, అనవసరంగా సెలవు పెట్టావు" అన్నారు. డాక్టరు గారు మాత్రం అలా అనలేదు. "పగలు ఎండకి ఒళ్ళు వేడెక్కితే రాత్రి చల్లబడాలి బాబూ. మూడు రాత్రులుగా ఈయన ఒంటికి ఆ టైం దొరకలేదు. పైగా ఈయన వేసుకునే బీపీ మాత్ర ఒంట్లో నీటిని బయటికి పంపే రకం" అన్నారు.

ఆ మూడు రాత్రులూ నాన్న పడుకున్నది డాబా మీద. పడుకోమన్నది నేను.

"ఏసీ పడదంటావు కదా, పోనీ డాబా మీద పడుకో నాన్నా, ఆరుబయట చల్లగా ఉంటుంది" అని ఫోన్‌లో సలహా ఇచ్చింది నేనే. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద అర్ధరాత్రి దాటితే నిజంగానే హాయిగా ఉంటుంది. అదే లెక్క గోదావరి డెల్టాలో కూడా పనిచేస్తుందనుకున్నా. నా లాప్‌టాప్‌లో బాగానే నడిచిన కోడ్‌ని చెక్ చేయకుండా కస్టమర్ దగ్గరికి పంపేసినట్టు చేశానన్నమాట.

నాన్న రెండు రోజుల్లో కోలుకున్నారు. కానీ నాకొక ప్రశ్న మిగిలిపోయింది. ఆ మూడు రోజులూ మా ఊళ్ళో పగటి ఎండ హైదరాబాద్ కంటే తక్కువే. మరి రాత్రి ఎందుకు చల్లబడలేదు? దాని వెంటపడితే పదో తరగతిలో రెండు మార్కుల కోసం బట్టీపట్టిన ఒక మాట దగ్గరికి చేరాను: గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్. బట్టీ అయితే పట్టాను గానీ, అర్థం చేసుకున్నది మాత్రం ఇప్పుడే.

రాత్రిపూట వేడి ఎటు పోతుంది?

పగలు ఎండకి నేల కాగుతుంది, సరే. రాత్రి ఎలా చల్లబడుతుంది? కొంత గాలికి, కొంత తడి ఆరడంవల్ల. కానీ అంతకంటే పెద్ద దారి ఒకటుంది. వేడి ఉన్న ప్రతి వస్తువూ, అంటే నేల, గోడ, మంచం, మన ఒళ్ళు, అన్నీ కంటికి కనపడని ఒక వెలుగుని బయటికి పంపిస్తూనే ఉంటాయి. దాన్ని ఇన్‌ఫ్రారెడ్ అంటారు. కరోనా టైంలో షాపుల దగ్గర నుదుటికి గురిపెట్టిన గన్ గుర్తుందా? అది మీ ఒంటిలోకి ఏమీ పంపలేదు. మీ నుదురు పంపే ఆ వెలుగుని చదివింది, అంతే.

భూమి అంతరిక్షంలో ఒంటరిగా వేలాడుతోంది. చుట్టూ గాలి లేదు, నీళ్ళు లేవు. కాబట్టి సూర్యుడు ఇచ్చిన వేడిని బయటికి పంపాలంటే భూమికి ఉన్నది ఈ ఒక్క దారే. రాత్రి మీ డాబా చల్లబడుతోందంటే, అది ఆకాశంలోకి ఇన్‌ఫ్రారెడ్ పంపి ఖాళీ అవుతోందన్నమాట.

నేనొక గన్ కొన్నాను. నుదుటి రకం కాదు. మెకానిక్కులు వాడే రకం, మైనస్ 50 దాకా చూపిస్తుంది. జనవరిలో ఒక రాత్రి మా టెర్రస్ మీద గాలి 17 డిగ్రీలు ఉన్నప్పుడు దాన్ని నిటారుగా పైకి పెట్టి నొక్కాను. మైనస్ 19! పాడైపోయిందేమో అనుకుని గోడకి పెడితే 18 చూపించింది. మళ్ళీ పైకి పెడితే మళ్ళీ మైనస్ 19. తర్వాత జూన్‌లో ఊరెళ్ళినప్పుడు మా డాబా మీద, మబ్బు దట్టంగా పట్టిన రాత్రి, అదే గన్ అలాగే పైకి పెట్టాను. ప్లస్ 19.

ఒకే గన్, ఒకే ఆకాశం. తేడా 38 డిగ్రీలు. మొదటి రాత్రి డాబాకి పైన ఉన్నది ఒక పెద్ద ఫ్రిజ్. రెండో రాత్రి ఉన్నది గోరువెచ్చటి కప్పు. డాబా ఎంత వేడి పైకి పంపినా, దాదాపు అంత వేడీ మబ్బు నుంచి కిందికి తిరిగొచ్చేస్తోంది. నాన్న ఆ మూడు రాత్రులూ పడుకున్నది ఈ కప్పు కిందే.

ఫ్రిజ్ లేని రోజుల్లో ఐసు

ఆకాశాన్ని ఫ్రిజ్ అన్నది మాట వరసకి కాదు. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు అధికారి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అలహాబాద్‌లో మన వాళ్ళు ఐసు ఎలా తయారు చేస్తున్నారో అందులో వివరించాడు. రెండడుగుల లోతు గుంట తవ్వి, అడుగున చెరుకు పిప్పి, ఎండు చొప్ప పరుస్తారు. దాని మీద లోతు తక్కువ ఉన్న మట్టి మూకుళ్ళు పేర్చి, నీళ్ళు పోస్తారు. అంతే. చలికాలం, మబ్బు లేని, గాలి లేని రాత్రి అయితే తెల్లారేసరికి మూకుట్లో ఐసు పేరుకునేది. గాలి ఉష్ణోగ్రత సున్నాకి దిగకపోయినా సరే! కింద చొప్ప ఉంది కాబట్టి నేల వేడి పైకి రాదు. నీళ్ళు తమ వేడిని ఆకాశంలోకి ధారపోసి గడ్డకట్టేవి. మబ్బు పట్టినా, గాలి వీచినా ఆ రాత్రి పని దండగ.

మన లంబసింగిలో చలికాలం ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి జారేది కూడా ఇలాంటి రాత్రుల్లోనే. ఆకాశం తేటగా ఉండాలి, గాలి పొడిగా ఉండాలి. మంచు చూద్దామని బైకులేసుకుని వెళ్ళిన రోజు మబ్బు పడితే ఆ చలి ఉండదు.

అడ్డుపడేది ఎవరు?

గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. మిగిలిన ఒక శాతంలో చాలావరకు ఆర్గాన్. నేల పంపే ఇన్‌ఫ్రారెడ్‌ని ఈ మూడూ దాదాపు పట్టించుకోవు. వీటికి అది అద్దం లాంటిది, దాటిపోతుంది. అడ్డుపడేది నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటివి. కారణం వాటి నిర్మాణం. నైట్రోజన్‌లో రెండే పరమాణువులు, రెండూ కవలలు. అది ఊగినా విద్యుత్ పరంగా ఏ మార్పూ రాదు, కాబట్టి ఆ వెలుగుకి దానితో పని పడదు. కార్బన్ డయాక్సైడ్‌లో మూడు ఉంటాయి, అది విల్లులా వంగుతుంది, ఊగుతుంది. ఆ ఊపుకి సరిపోయే ఇన్‌ఫ్రారెడ్ వస్తే పట్టేసుకుంటుంది. ఆ వేడిని పక్కవాటికి పంచుతుంది, మళ్ళీ అన్ని దిక్కులకీ విసురుతుంది. అలా విసిరిన దానిలో కొంత కిందికి, అంటే మన వైపుకే వస్తుంది.

దీన్ని తొలిసారి పసిగట్టిన వాళ్ళలో ఒకావిడ ఉంది. యూనిస్ ఫుట్, అమెరికా. 1856లో గాజు గొట్టాల్లో రకరకాల గాలులు నింపి, లోపల థర్మామీటర్లు పెట్టి ఎండలో ఉంచింది. కార్బన్ డయాక్సైడ్ గొట్టం అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది. నీడలోకి తెచ్చాక చల్లారడానికి కూడా చాలాసేపు పట్టింది. ఈ గ్యాసు గాలిలో ఎక్కువగా ఉంటే భూమి మరింత వేడిగా ఉంటుందని ఆవిడ అప్పుడే రాసింది. ఆ ఏడాది సైన్సు సమావేశంలో ఆమె వ్యాసం చదివింది మాత్రం ఆమె కాదు, జోసెఫ్ హెన్రీ అనే ప్రొఫెసర్. ఆ తర్వాత నూటయాభై ఏళ్ళు ఆమె పేరు దాదాపు ఎవరికీ గుర్తులేదు.

మూడేళ్ళ తర్వాత, 1859లో, జాన్ టిండాల్ అనే ఐరిష్ శాస్త్రవేత్త లండన్‌లో ఇంకా పకడ్బందీగా కొలిచాడు. ఏ గ్యాసు ఎంత వేడిని పట్టుకుంటుందో విడివిడిగా చూపించాడు. నైట్రోజన్, ఆక్సిజన్ ఖాళీ చేతులు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పట్టుకునేవి. భూమి మీద వెచ్చదనాన్ని ఎక్కువగా కాపాడేది నీటి ఆవిరేనని కూడా అతనే చెప్పాడు.

మా ఊరి జవాబు ఇక్కడే దొరికింది. చుట్టూ కాలువలు, చేపల చెరువులు, కాస్త దూరంలో సముద్రం. మే నెలలో గాలి నిండా ఆవిరే. మబ్బు లేని రాత్రి కూడా అక్కడ ఆకాశం హైదరాబాద్ ఆకాశమంత చల్లగా ఉండదు. దానికి తోడు గాలి తడిగా ఉంటే చెమట ఆరదు, ఒంటికున్న సొంత ఏసీ కూడా పనిచేయదు. కింద పగలంతా కాగిన స్లాబు. మధ్యలో నాన్న.

"అది లేకపోతే ఎంత బాగుండేదో!"

ఆఫీసులో టీ తాగుతూ ఇదంతా చెప్తుంటే మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు, "అన్నా, అసలీ గ్రీన్‌హౌస్ ఎఫెక్టే లేకపోతే ఎంత మంచిగుండేదో!" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, నిజానికి నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నా. మనకి ఆ మాట ఎప్పుడూ విలన్‌లాగే పరిచయం అవుతుంది కదా.

లెక్క చూద్దాం. రాత్రీ పగలూ, ధ్రువాలూ భూమధ్యరేఖా అన్నీ కలిపి సగటు తీస్తే, సూర్యుడి నుంచి భూమికి చదరపు మీటరుకి సుమారు 340 వాట్లు వస్తాయి. అందులో దాదాపు 30 శాతాన్ని మబ్బులు, మంచు, ఇసుక వెనక్కి తిప్పికొట్టేస్తాయి. మిగిలింది 240. భూమి కూడా బయటికి 240 పంపాలి, లేకపోతే లెక్క కుదరదు. 240 వాట్లు పంపే వస్తువు ఎంత వేడిగా ఉండాలి? ఫిజిక్స్ చెప్పే జవాబు: మైనస్ 18 డిగ్రీలు.

కానీ నేల సగటు ఉష్ణోగ్రత ప్లస్ 15 దగ్గర ఉంది. ఆ 33 డిగ్రీల తేడానే గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్. ఫ్యాక్టరీలు, కార్లు రాకముందు నుంచీ ఉన్నది, మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నది. అది లేకపోతే గోదావరీ లేదు, కృష్ణా లేదు, అంతా ఐసుగడ్డే.

ఇంకో లెక్క చూసి నేను రెండుసార్లు చెక్ చేసుకున్నా. నేల సూర్యుడి నుంచి నేరుగా తీసుకునేది సగటున చదరపు మీటరుకి 160 వాట్ల దగ్గర. తలమీదున్న గాలి, మబ్బుల నుంచి తీసుకునేది 340 దగ్గర. అంటే రెట్టింపు కంటే ఎక్కువ! ఇది కొత్తగా పుట్టిన వేడి కాదు. నేల పైకి పంపిందే తిరిగి చేతికొస్తోంది. దుప్పటి వేడిని పుట్టించదు కదా, మన వేడినే మనకి దాచిపెడుతుంది. ఇదీ అంతే.

దుప్పటి లేకపోతే ఎలా ఉంటుందో మనం కళ్ళారా చూశాం. 2023 ఆగస్టు 23 సాయంత్రం గుర్తుందా? శ్రీహరికోట నుంచి జూలై 14న బయల్దేరిన చంద్రయాన్-3, విక్రమ్‌ని చంద్రుడి మీద దించిన రోజు. చంద్రుడు మనకి పక్కిల్లే. చదరపు మీటరుకి అందే ఎండ కూడా ఇంచుమించు మనకి అందేదే. కానీ గాలి లేదు. విక్రమ్ దిగిన చోట పగలు నేల 50 డిగ్రీలు దాటింది. అక్కడ రాత్రి మన లెక్కలో రెండు వారాలు. ఆ రాత్రిలో ఉష్ణోగ్రత మైనస్ 100 కంటే బాగా కిందికి పోతుంది. అందుకే సెప్టెంబర్ మొదట్లో విక్రమ్‌నీ, ప్రజ్ఞాన్‌నీ నిద్రపుచ్చారు. మళ్ళీ తెల్లవారాక ఇస్రో వాళ్ళు సెప్టెంబర్ 22న పిలిచి చూశారు. పలకలేదు. అంత పొడుగు రాత్రిలో కప్పుకోవడానికి పైన ఏమీ లేకపోయింది.

అవతలి చివర శుక్రుడు. అక్కడ గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడ్. సూర్యుడికి మనకంటే దగ్గరే, నిజమే. కానీ దట్టమైన మబ్బులు ఎండని ఎంతగా తిప్పికొడతాయంటే, శుక్రుడు చివరికి మింగే ఎండ మనకంటే తక్కువ. అయినా నేల 460 డిగ్రీలు. ఒకరికి దుప్పటి లేదు, ఒకరికి వంద రగ్గులు. మనకి సరిగ్గా సరిపోయే దుప్పటి దొరికింది.

నాలుగు చుక్కల నీలిమందు

"గాలిలో 0.04 శాతం ఉన్న గ్యాసు ఏం చేస్తుంది?" అనే ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూపులోకి కూడా వచ్చే ఉంటుంది. మా గ్రూపులో మామయ్య పెట్టారు. నేను పెట్టిన జవాబు ఇది: "మామయ్యా, బకెట్ నీళ్ళల్లో నీలిమందు ఎన్ని చుక్కలు వేస్తారు? నాలుగు. నీళ్ళన్నీ నీలం అవుతాయా లేదా?" నీళ్ళకి రంగు లేదు కాబట్టి రంగు లెక్కంతా ఆ నాలుగు చుక్కలదే. అలాగే 99 శాతం గాలి ఇన్‌ఫ్రారెడ్‌ని పట్టించుకోదు కాబట్టి, లెక్కంతా ఆ కొంచెం గ్యాసులదే.

ఆ కొంచెంలో ఎవరి వాటా ఎంత? గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్‌లో సుమారు సగం నీటి ఆవిరిది, పావు వంతు మబ్బులది, అయిదో వంతు కార్బన్ డయాక్సైడ్‌ది. అయితే ఆవిరే పెద్దన్న కదా, కార్బన్‌ని ఎందుకు తిడతారు? ఎందుకంటే ఆవిరికి సొంత నిర్ణయం లేదు. ఎక్కువైతే పది రోజుల్లో వానై పడిపోతుంది. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఆవిరి పడుతుంది. ఒక్క డిగ్రీ పెరిగితే ఆవిరి పట్టే తాహతు దాదాపు 7 శాతం పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం వానగా పడిపోదు. ఒకసారి పైకి చేరాక అందులో చాలా భాగం వందల ఏళ్ళు ఉంటుంది. అది గాలిని కాస్త వెచ్చబరిస్తే, ఆ వెచ్చదనానికి ఆవిరి పెరిగి, ఇంకాస్త వెచ్చబరుస్తుంది. రెగ్యులేటర్ నాబ్ కార్బన్ చేతిలో ఉంది, ఆవిరి ఫ్యాన్ లాంటిది.

ఆ నాబ్ ఎక్కడుంది ఇప్పుడు? ఫ్యాక్టరీల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకి 280 పాళ్ళు ఉండేది. 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయిలోని మౌనా లోవా కొండ మీద రోజూ కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది. అంటే ఒకటిన్నర రెట్లు. ఉన్న దుప్పటి మంచిదే. దాని మీద అడక్కుండా ఇంకోటి కప్పుతున్నాం, సమస్య అది.

ఈ రెండో దుప్పటికి ఒక గుర్తుంది. సూర్యుడి వల్లే వేడి పెరుగుతుంటే ముందు పగళ్ళు పెరగాలి. దుప్పటి మాత్రం రాత్రి కూడా డ్యూటీలో ఉంటుంది. గత శతాబ్దం రెండో సగంలో ప్రపంచవ్యాప్తంగా నేల మీద పగటి ఉష్ణోగ్రతల కంటే రాత్రి ఉష్ణోగ్రతలే వేగంగా పెరిగాయి. మన వాతావరణ శాఖ కూడా ఇప్పుడు వడగాడ్పులతో పాటు "వెచ్చటి రాత్రి" అని విడిగా హెచ్చరిక ఇస్తుంది. పగలు 40 దాటి, రాత్రి కనిష్ఠం మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉంటే అది వెచ్చటి రాత్రి. టీవీలో మనం చూసేది పగటి అంకె. ఒంటికి తెలిసేది రాత్రి అంకె. 2015 మే ఎండలకి మన రెండు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా పోయారు. ఆ వార్తల్లో పగటి అంకెలే నాకు గుర్తున్నాయి. రాత్రులు ఎలా గడిచాయో అప్పుడు చూడాలనే తోచలేదు.

ఇప్పుడు మా ఇంట్లో

వేసవి వస్తే ఫోన్‌లో వెదర్ యాప్ తెరిచి మూడు చూస్తున్నాను. రాత్రి కనిష్ఠం, మబ్బు, డ్యూ పాయింట్. ఈ మూడోది గాలిలో ఎంత ఆవిరి ఉందో చెప్పే అంకె. అది 25 దాటితే చెమట ఆరడం కష్టమని గుర్తు పెట్టుకోండి. అలాంటి రాత్రి డాబా మీద చల్లగా ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. పొడి గాలి, తేట ఆకాశం అయితే నిక్షేపంగా పడుకోవచ్చు. మంచం మీద మాత్రమే, స్లాబు మీద చాప వేసుకుని కాదు. పెద్దవాళ్ళు మాత్రలు వాడుతుంటే ఎండలు ముదరకముందే డాక్టర్ని ఒకసారి అడగండి.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ గన్ నాన్నకి ఇచ్చేశాను. మొదట "ఇదేం ఆటవస్తువురా" అన్నారు. ఇప్పుడు రోజూ భోజనం అయ్యాక డాబా ఎక్కి ఆకాశానికి గురిపెడుతున్నారట. చుట్టుపక్కల పిల్లలకి అదో తమాషా. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశారు.

"ఒరే, ఇవాళ ఆకాశం పదహారు చూపిస్తోంది. దుప్పటి గట్టిగానే కప్పింది. నేను కిందే పడుకుంటున్నా, నువ్వు కంగారుపడకు."

ఈసారి సలహా ఇవ్వాల్సిన పని నాకు పడలేదు.